రిపేరు బాబాయి గీజరు

"రిపేరు బాబాయ్! ఓ రిపేరు బాబాయ్! అందర్నీ రమ్మన్నది నువ్వే, తీరా మేమొచ్చాక నువ్వే లేకపోతే ఎలాగయ్యా?"

మేష్టారి కేకకి మూడో అంతస్తునుంచి చెప్పులు టపటపలాడించుకుంటూ దిగొచ్చాడు బాబాయి. అసలు పేరు ఏదైతేనేం, ఆ భవనంలో పిల్లా పెద్దా అందరికీ ఆయన రిపేరు బాబాయే. ఆయనకంటే పదేళ్ళు పెద్దయిన మేష్టారికి కూడా. వెనకాలే పంతొమ్మిదేళ్ళ కూతురు చిన్ని దిగింది. పొద్దుటినుంచీ నీళ్ళు తోడీ తోడీ దాని వేళ్ళు ముడతలు పడిపోయాయి.

కింద టైలరమ్మ కొట్లో చేరారందరూ. టైలరమ్మ మిషను ఆపి ఒళ్ళో గుడ్డ పక్కన పెట్టింది. భవనానికి పెద్ద కాబట్టి మేష్టారు కుర్చీలో కూర్చున్నాడు, చేతిలో కాగితం, కలం. గుమ్మం దగ్గర మెకానిక్ నిలబడ్డాడు, పనిముట్ల సంచి కాళ్ళ మధ్య పెట్టుకుని.

సంగతేమిటంటే, ఆ పొద్దున బాబాయి ఇంట్లో గీజరు కారి నీళ్ళు పడగ్గదిదాకా వచ్చాయి. మెకానిక్ వచ్చి చూసి, "టాంకీకి చిల్లు పడింది సార్. పదకొండేళ్ళలో దీన్ని ఎవరూ ఒక్కసారి కూడా విప్పి కడగలేదు" అన్నాడు. అంతే, బాబాయికి అరికాలి మంట నెత్తికెక్కింది. పోయిన వారం ప్లగ్గు మార్చడానికొచ్చి ఇతనే పాడుచేశాడన్నాడు. ఇకమీదట ఈ మనిషిని ఎవరూ పనికి పిలవకూడదని రాసి గేటుకి అంటించాలన్నాడు. ఆ గేటుకి కాగితం పడితే వీధి మొత్తంలో అతన్ని పిలిచేవాళ్ళుండరు. అది మెకానిక్‌కీ తెలుసు, అందుకే తల ఎత్తడం లేదు. చిన్ని మటుకు అతని ముఖం వంకే చూస్తోంది.

"నన్నంటాడా! నన్ను! గీజరుని కడగలేదని!" బాబాయి బల్ల గుద్దాడు. కత్తెర ఎగిరిపడింది. "వినండి. మూడు నెలలకోసారి, తప్పకుండా, స్విచ్చి ఆపి, నీళ్ళొచ్చే గొట్టం కట్టేసి, అడుగు బోల్టు విప్పి టాంకీ ఖాళీ చేస్తాను. మొదటిసారి గ్లాసుడు సున్నం రాలింది. గ్లాసుడే. నేను అబద్ధం చెప్పను."

"గ్లాసుడంటే నిజమేనయ్యా. మన నీళ్ళు అలాంటివి," అన్నాడు మేష్టారు.

"రెండోసారి బకెట్టుడు. మూడోసారి ఎంతొచ్చిందో తెలుసా? నాలుగు బస్తాలు! చెల్లెమ్మా, ఈ మెట్ల గోడకి వెల్ల ఎవరు వేయించారనుకున్నావ్? ఆ సున్నమే! ఇంకా మిగిలితే పక్క భవనం వాళ్ళు వచ్చి బతిమాలి పట్టుకెళ్ళారు."

టైలరమ్మ నోటికి చెంగు అడ్డం పెట్టుకుంది. "అలాగా అన్నయ్యా. మరి ఆ గోడ పచ్చగా ఉందేం?"

"పాతబడితే పచ్చబడదూ? మాట మధ్యలో అడ్డు రాకు! ఇక లోపల రాడ్డొకటి ఉంటుంది. నీళ్ళలో ఉప్పు టాంకీని తినకుండా, ముందు ఆ రాడ్డు తన ఒళ్ళు అప్పజెబుతుంది. పాపం, ఇంట్లో ఆడవాళ్ళలాగ. అది అరిగిపోతే మార్చాలి. ఇతగాడు చూసి చెబుతాడేమో, నేను నాలిక్కి ఆనించి చెబుతాను, ఇంకెన్ని రోజులుంటుందో. ఒకసారి నూట పన్నెండు రోజులన్నాను. నూట పన్నెండో రోజు పొద్దున్నే పుటుక్కుమంది!"

"మరి బోల్టు మీద కంపెనీ వాళ్ళు పూసిన రంగు చెదరలేదు సార్," అన్నాడు మెకానిక్, నేల చూపులతోనే.

"చూశారా, ఎదురు మాట్లాడుతున్నాడు! విప్పిన ప్రతిసారీ నేను కొత్తగా రంగు పూసి బిగిస్తానయ్యా! అదీ పనితనమంటే! అంత శ్రద్ధగా చూశాను కాబట్టే, ఒక ఏడాది వారం రోజులు కరెంటు పోయినప్పుడు నా గీజర్లో నీళ్ళు ఏడో రోజుక్కూడా పొగలు కక్కుతున్నాయి. వీధి వీధంతా బకెట్లు పట్టుకుని మా గుమ్మం దగ్గర బారులు తీరారు. ఆ తర్వాత ఏమైందో తెలుసా? కంపెనీ పెద్దలకి తెలిసిపోయింది! రెండు కార్లు వేసుకుని దిగారు. డాక్టర్లు గుండె చూస్తారే, ఆ గొట్టం పెట్టి నా టాంకీ చూశారు. చూసి ఏమన్నారూ? 'అయ్యా, దీనికి వయసు పెరగడం లేదు, తగ్గుతోంది' అన్నారు. 'మా ఫ్యాక్టరీ తీసుకుని ఇది ఇచ్చెయ్యండి' అన్నారు. ఛీ, పొండి అన్నాను!"

"ఎంత మాటన్నావయ్యా," అన్నాడు మేష్టారు, కలం మూత పెట్టేస్తూ.

"మూత పెట్టకండి మేష్టారూ, రాయండి! అలాంటి గీజరుని పట్టుకుని కడగలేదంటాడా? పోయిన నెలే కడిగాను. బోల్టు విప్పగానే నీళ్ళు ఎంత జోరుగా దూకాయంటే, మూడంతస్తుల మెట్లూ దిగి, గేటు దాటి, అక్కడ నిలబెట్టిన స్కూటర్ని పడవలా తేల్చుకుంటూ మలుపుదాకా తీసుకుపోయాయి! దాని మీద కూర్చున్నాయన బ్రేకు వేసినా ఆగలేదు!"

"టాంకీ పాతిక లీటర్లే కదయ్యా?"

"లీటర్లు మీ లెక్కల్లో మేష్టారూ! జోరుకి లీటర్లేమిటి! ముందు రాయండి, ఈ మనిషి అబద్ధాలకోరని."

మెకానిక్ సంచి భుజానికి తగిలించుకున్నాడు. "రాసుకోండి సార్," అన్నాడు. "చూసిందే చెప్పాను."

కిటికీలోంచి పడ్డ సాయంత్రపు ఎండలో దారప్పోగులు మెల్లగా తేలుతున్నాయి. నాన్న కోతలంటే చిన్నికి ఎంత ఇష్టమో. అన్నం తినకపోయినా అవి వింటూ నిద్రపోయేది. కానీ ఇవాళ మొట్టమొదటిసారి, ఆ మాటలు ఒక మనిషి మెడ మీద పడుతుంటే చూసింది. ఒళ్ళు మండిపోయింది.

"నాన్నా, నీళ్ళ చప్పుడేది?"

"ఏం చప్పుడే?"

"నువ్వు గీజరు కడిగే ప్రతిసారీ నేను బాత్రూము తలుపు బయటే కూర్చునేదాన్ని. ఠకఠకమని సుత్తి చప్పుడు వినిపించేది, గంటసేపు. టాంకీ ఖాళీ చేస్తే నీళ్ళు పడాలిగా? పదకొండేళ్ళలో ఒక్కసారీ నీళ్ళ చప్పుడు వినలేదు. తూములోంచి చుక్క పోలేదు. నువ్వు బయటికొచ్చినప్పుడు నేల పొడిగా ఉండేది నాన్నా."

"నీకేం తెలుసే! నువ్వు చిన్నపిల్లవి..."

"అతని కూడు పోతుంది నాన్నా!"

బాబాయి మేష్టారి వంక చూశాడు, టైలరమ్మ వంక చూశాడు, ఇద్దరూ చూపు తిప్పేసుకున్నారు. ఆయన ఉన్నట్టుండి చాలా చిన్నవాడైపోయినట్టు, గుడ్డల మూట మీద కూలబడ్డాడు.

"గోడ మీద కొట్టేవాణ్ణి," అన్నాడు.

"ఏంటి?" అన్నాడు మేష్టారు.

"సుత్తితో. గోడ మీద. కొత్తలో ఒక్కసారి వేడినీళ్ళ గొట్టం వదులు చేశాను, స్విచ్చి ఆపడం మర్చిపోయి. మరిగే నీళ్ళు చేతి మీద పడ్డాయి. కళ్ళు మూసుకుని బిగించేసి పరుగెత్తుకొచ్చాను. తలుపు తీస్తే ఇది నిలబడుంది, ఎనిమిదేళ్ళది, తువ్వాలు పట్టుకుని. 'బాగుచేసేశావా నాన్నా?' అంది. 'ఊఁ' అన్నాను." ఆయన మెకానిక్ వైపు తిరిగాడు గానీ ముఖంలోకి చూడలేకపోయాడు. "నువ్వేం పాడుచేయలేదయ్యా. ఆ టాంకీని నేనెప్పుడూ విప్పలేదు. దాన్ని చూస్తే నాకు భయం."