పియానోకు ముందు మాట

తొంభై తొమ్మిది నవంబరు, విదేశంలో పెండిల్ హిల్ అనే పేటలో ఒక గరాజ్. ఆమె దాచుకున్న పాత సోవియట్ టేపును ఇద్దరూ కలిసి రేడియోలో నడిపే గంటసేపటి తెలుగు కార్యక్రమం కోసం అతను కంప్యూటర్‌లోకి ఎక్కించాడు. ఒక సంగీతకర్త తన పాటలను తానే పియానో మీద వాయించిన రికార్డింగ్ అది. వింటూ వింటూ ఆమె హెడ్‌ఫోన్స్ లాగిపారేసింది.

“పియానోకు ముందు ముసలాయన చెప్పే మాటలేవి తమ్మీ?”

“కట్ చేసిన అక్కా. రష్యన్ ఎవరికి తెలుస్తది? ఈ ఐతారమే ప్రోగ్రామ్. మసాలా షాపు యాడ్‌కి టైమ్ కావాలె.”

“నాకు తెలుస్తది. మాస్కోల చదివినదాన్ని. ‘ఈ బాణీ నాది కాదు, కొండల్ల గొర్లు కాసే ఒకామె నేర్పింది’ అని పేరు పెట్టి చెప్తడు. నువ్వు ఆ పేరే కోసినవ్. ఇగ పాటంతా ఆయనదే అయిపాయె.”

“మ్యూజిక్ ఉన్నది కదా! కంప్యూటర్ కోడ్‌ల కామెంట్స్, అంటే రాసినోడు పెట్టిన వివరణలు, తీసేస్తే ప్రోగ్రామ్ ఆగుతదా?”

ఆమె కాలు ఒకచోట నిలవడం లేదు. గరాజ్‌లో ఆ గోడకూ ఈ గోడకూ తిరుగుతోంది.

“ఆగదు. మరి వైటూకే పనిల, పాత కోడ్‌ల తేదీలు సరిజేసుకుంట కూసోని రోజూ ఎవన్ని తిడుతున్నవ్?”

అతను మౌస్ మీది చేయి తీసేశాడు.

“ఎవడు రాసిండో, ఎందుకు రాసిండో చెప్పే లైన్లన్నీ పీకేసినోన్ని,” అన్నాడు.

ఆమె అసలు టేపును అతని ముందుకు తోసింది.

“యాడ్ తీసేస్త తియ్యి. ఇంతకీ ఆమె పేరేంది అక్కా?”

“నన్నడుగుతవేంది? టేపు పెట్టు. ఆయనే చెప్తడు.”