ఆమెన్ అనని హన్నమ్మ

ఎవరూ, ఈ ఫోటోలో ఆ చివర పమిట తలమీద కప్పుకొని, చేతిలో పేపరు పట్టుకొని నిలబడ్డావిడా? ఇట్టా ఇయ్యి, కళ్ళజోడు పెట్టుకోనీ. ఆ, ఇంకెవరు, హన్నమ్మక్క. మణెమ్మ మనవరాలివి అయ్యుండి హన్నమ్మక్క తెలవదంటే నిన్ను కాదే, మీ అమ్మని అనాలి. కూర్చో. పనుందా? ఏం పన్లే, ఫోన్లో వేళ్ళు ఆడించే పనేగా. కూర్చో, చెప్తా. నువ్వేదో ఇంగ్లీషు కోచింగు అంటున్నావు గదా, గుంటూరు పోయి అంత కట్టి. హన్నమ్మక్క నేర్చిన ఇంగ్లీషు వింటే నీ కోచింగు సారు నోరెళ్ళబెడతాడు. ఉల్లిపాయని ఇంగ్లీషులో ఏమంటారక్కా అంటే తెలవదు ఆమెకి. చీపురుని ఏమంటారో తెలవదు, రోజూ పట్టుకునేది అదే. కానీ అమెరికా ప్రెసిడెంటు ఒక బిల్లు తిప్పి పంపితే దాన్ని మళ్ళీ నెగ్గించటానికి ఎంతమంది చేతులెత్తాలో గుక్క తిప్పుకోకుండా ఇంగ్లీషులో చెప్పేది. ఎందుకంటే ఆమె నేర్చుకుందే అట్టా.

మన శావల్యాపురం దగ్గర మిషను బడి ఉండేది గదా, అందులో ఆయా. పిల్లల ముక్కులు తుడవటం, గదులు ఊడవటం, బెల్లు కొట్టటం. మొగుడు ఇంకోదాన్ని తగులుకొని పేట టౌను మిల్లుల్లోకి ఎళ్ళిపోయాడు. ఏడవలా. మెట్రిక్ ప్యాసవుతా, ట్రైనింగుకి పోతా, టీచరమ్మనవుతా అని కూర్చుంది. లెక్కలు ప్యాసు, తెలుగు ప్యాసు, ఇంగ్లీషు దగ్గర బోర్లా పడేది. రెండుసార్లు పడింది. అప్పుడు మిషను కాంపౌండులో ఒక అమెరికా దొరసాని ఉండేది, పొట్టిగా, పెద్ద టోపీ పెట్టుకొని. 'నేను నేర్పుతాను, రండి' అంది. ఆమె వాళ్ళ దేశంలో బళ్ళో చెప్పింది ఒకటే పాఠమంట, వాళ్ళ సర్కారు ఎట్టా నడుస్తది, వాళ్ళ చరిత్రేంది, ఇప్పుడేం జరుగుతుంది అని. ఇంకోటి చెప్పటం చేతకాదు. ఇక చూస్కో, చర్చి పక్కన చదువుగదిలో పదకొండుమంది ఆడోళ్ళు, పొద్దున్నే పొలం పొయ్యేముందు, ఒళ్ళో పిల్లల్ని పెట్టుకొని అమెరికా చరిత్ర. మీ అమ్మమ్మ కూడా ఉంది అందులో. నేను వెనక బల్ల మీద, చర్చి సంఘం సెక్రటరీని గదా, ఇరవై మూడేళ్ళవాణ్ణి, తల దువ్వుకొని పోయేవాణ్ణి.

నవ్వుతావేందే, ఇది విను. వాళ్ళ పేపర్లు ఓడ మీద రావాలి. నెలన్నర పట్టేది. అరవైలో అక్కడ ప్రెసిడెంటు ఎన్నికలొచ్చినయ్. వీళ్ళు పదకొండుమందీ పోటీలో ఉన్న ఆ కుర్రాయన గెలవాలని పట్టుబట్టారు. పేపరు రావటం, చదవటం, అయ్యో ఇంకా పోటీ గట్టిగా ఉందే అనుకోవటం. మణెమ్మ ఉపవాసం పట్టింది ఆయన కోసం. డిసెంబరు దాకా ప్రార్థనలు చేశారు. అక్కడ ఆయన గెలిచి నెల దాటింది, వీళ్ళింకా ఇక్కడ మోకాళ్ళ మీదే. గెలిచిన పేపరు వచ్చిన రోజు హన్నమ్మక్క బడిబెల్లు తీసి వాయించింది, పిల్లలు సెలవనుకొని ఇళ్ళకి పారిపోయారు. 'చూశావుట్రా బాబూ, ప్రార్థన ఎక్కడికి పోద్ది' అంది నాతో.

అసలు సంగతి ఇంకోటుంది. అంతకుముందే ఒక పేపర్లో చదివారు. వాళ్ళ పెద్దసభలో ఒక ఏర్పాటుందంట, మాట్లాడటానికి లేచినవాణ్ణి తనంతట తాను కూర్చునేదాకా ఊరికే కూర్చోబెట్టలేరు. నల్లవాళ్ళ ఓటుకి అడ్డంకులు తీసేద్దామని బిల్లు పెడితే, గిట్టనివాళ్ళు లేచి రాత్రింబవళ్ళు వంతులేసుకొని వాగారంట, చేతులెత్తే సమయం రాకుండా. హన్నమ్మక్కకి ఒళ్ళు మండిపోయింది. ఆ పేపరు తీసి బల్లకేసి కొట్టింది. 'కత్తి మంచిదే, పట్టుకున్న చెయ్యే పాడుది' అంది. ఆ మాట అప్పుడు నాకెక్కలా.

సరే, దొరసాని సెలవు మీద వాళ్ళ దేశం ఎళ్ళింది. రెండు ట్రంకుపెట్టెల పుస్తకాలు, ఆ గది, హన్నమ్మక్కకి అప్పజెప్పింది. అటు పోయినామె మళ్ళీ రాలా, అది వేరే కథ. అరవై ఒకటి ఫిబ్రవరి. మార్చిలో హన్నమ్మక్క పరీక్ష, మూడోసారి. అప్పుడు మన సంఘపెద్ద సుందరరావుగారికి పేట పత్తి బేరగాడొకడు తగిలాడు. ఆ చదువుగది మాకు ఇవ్వండి, పత్తి బోరేలు పెట్టుకుంటాం అన్నాడు. సుందరరావుగారు తెలుసుగా, తెలవదులే నీకు, మీసాలు ఇట్టా. ఎప్పుడో దొర దగ్గర పనిచేశాడు, 'నాకు ఇంగ్లీషు నీళ్ళు తాగినంత' అని ఊరంతా చెప్పుకునేవాడు. 'కూలికి పొయ్యే ఆడోళ్ళకి అమెరికా గద్దె మీద ఎవడు కూర్చుంటే ఏందయ్యా? ఖాళీ చేయించండి' అన్నాడు. కానీ సంఘంలో ఓటెయ్యాలి. మన సంఘంలో ఆడామగా అందరికీ చెయ్యెత్తే హక్కుంది, అది మొదట్నించీ ఉంది. ఆడోళ్ళే ఎక్కువ. అందుకని మీటింగు ఎప్పుడు పెట్టారో తెలుసా? బుధవారం మధ్యాహ్నం ఒంటిగంటకి. మిరపకోతల రోజులు. ఆడోళ్ళంతా పొలాల్లో ఉంటారు, పొద్దు వాలితేగాని రారు.

హన్నమ్మక్క ఒక్కతే వచ్చింది, బడిలో పని కాబట్టి. మగోళ్ళం పదమూడుమందిమి. సుందరరావుగారు ప్రార్థన చేసి, 'చేతులెత్తబోయేముందు ఎవరన్నా సాక్ష్యం చెప్తారా' అన్నాడు, మాటవరసకి. హన్నమ్మక్క లేచింది. మన దగ్గర కట్టుబాటు తెలుసుగా, దేవుడు చేసిన మేలు చెప్పుకుంటూ సాక్ష్యానికి లేచినవాళ్ళని మధ్యలో ఆపకూడదు. వాళ్ళు ఆమెన్ అని కూర్చోవాలి, అప్పుడే ఇంకో మాట. ఒకసారి సుందరరావుగారే రెండు గంటలు చెప్తుంటే ఎవరో దగ్గారు. 'పరిశుద్ధాత్మకి అడ్డొస్తావురా' అని వాడి మీద ఎగిరాడు. తన కట్టుబాటే తన మెడకి చుట్టుకుంది ఆ రోజు.

మొదలుపెట్టిందమ్మా. పుట్టిన దగ్గర్నుంచి. అమ్మ పాలు లేక మేకపాలతో పెరగటం, ఆ మేక పేరు, మేకకి జబ్బు చేస్తే దేవుడు బాగు చెయ్యటం. రెండయింది. కలరా వచ్చిన సంవత్సరం. మొగుడు పోయిన సంవత్సరం, దాన్ని కూడా మేలు కిందే కట్టింది. మూడయింది. సుందరరావుగారు గడియారం తీస్తున్నాడు, పెడుతున్నాడు. నేను మినిట్స్ పుస్తకం ముందేసుకొని కూర్చున్నా, ఏం రాయాలి? మూడున్నరకి తెలుగులో మేళ్ళన్నీ అయిపోయినయ్. ఆగింది. నీళ్ళు తాగింది. అమ్మయ్య అనుకొని సుందరరావుగారు లేవబోయాడు. అప్పుడు అందుకుంది ఇంగ్లీషు.

అబ్బ, ఏం ఇంగ్లీషే అది. ఇప్పుడు తల్చుకున్నా నాకు రోమాలు లేస్తయ్. అమెరికాలో ఏ రాష్ట్రం తరవాత ఏది చేరిందో వరసగా, డెలావేరు, పెన్సిల్వేనియా, న్యూజెర్సీ, చేతులు చాపి, కళ్ళు మూసుకొని. ఒక్కొక్కదానికి ఒక కథ. తరవాత ప్రెసిడెంట్లు, ఎవరు ఎన్నేళ్ళు, ఎవరెట్టా పోయారు. తరవాత బిల్లు చట్టం ఎట్టా అవుతది, ఈ సభ నుంచి ఆ సభకి, ఆ సభ నుంచి కమిటీకి. మావాళ్ళకి ఒక్క ముక్క తెలవదు. తెలవదని అంటే సుందరరావుగారి పరువు పోద్ది. ఆయన గెడ్డం ఊపుతా, 'ఆమెన్, స్తోత్రం' అంటున్నాడు. పెన్సిల్వేనియాకి కళ్ళు తుడుచుకున్నాడు. ఆయన అంటే మిగతా పన్నెండుమందీ స్తోత్రం. కమిటీకి స్తోత్రం, వీటోకి స్తోత్రం. అందరూ ఆమెన్ అంటున్నారు, అనాల్సిన మనిషి మాత్రం అనటంలా. నాకు అర్థమయింది గదా, వెనక బల్ల మీద నేర్చుకున్నాగా. నవ్వు, భయం, రెండూ. ఆమె గొంతు బొంగురుపోయింది. బల్ల పట్టుకొని నిలబడ్డది గాని కూర్చోలా.

అయిదున్నరకి రోడ్డు మీద ఆడోళ్ళ మాటలు వినపడ్డయ్. మణెమ్మ ముందు, కిటికీలోంచి తొంగిచూసింది. 'ఏంది హన్నమ్మా, నోరు పగిలేట్టు అరుస్తున్నావు' అంది. హన్నమ్మక్క అప్పుడు కళ్ళు తెరిచి, 'చెయ్యెత్తాలి, లోపలికి రా' అంది, తెలుగులో. ఇరవై ముగ్గురు వచ్చారు. కోసిన మిరపకాయల చేతులు, చీర చెంగులకంతా ఘాటు. గదిలో మగోళ్ళంతా తుమ్ములు. సుందరరావుగారు తుమ్మితే మీసాలు చెదిరినయ్. హన్నమ్మక్క ఆమెన్ అని కూర్చుంది, కూలబడ్డదే అనుకో. గది ఉండాలన్నోళ్ళు చేతులెత్తండి అంటే ఎర్రటి చేతులు ఇరవై నాలుగు లేచినయ్. అందులో మీ అమ్మమ్మ రెండు చేతులూ ఎత్తితే ఒకటి దించమన్నాను నేను.

ఆ మార్చిలో ప్యాసయింది. ఈపూరులో టీచరమ్మగా ముప్ఫై ఏళ్ళు చేసింది. ఆ ఫోటో అక్కడిదే. నీళ్ళియ్యమ్మా కొంచెం.

బుధవారం ఒంటిగంట అన్నది ఎవరనుకున్నావ్? అందరూ సుందరరావుగారే అనుకున్నారు. ఆయన ఆదివారం పెడదామనే అన్నాడు. 'ఆదివారమైతే ఆడోళ్ళుంటారండీ, కోతల రోజు చూసుకోండి' అన్నది నేను. నోటీసు రాసింది నేను. గోడౌన్లో గుమాస్తా పని ఇస్తానన్నాడు ఆ బేరగాడు నాకు. ఆమెకి తెలుసు. ఆ మర్నాడు బడి ముందు కనపడితే, 'నోటీసు చక్కగా రాశావురా బాబూ, అక్షరాలు గుండ్రంగా ఉన్నయ్' అంది. అంతే. మళ్ళీ ఎప్పుడూ ఆ మాట ఎత్తలా, చచ్చిపోయేదాకా.

ఆమె సమాధి దగ్గర పాస్టరుగారు అడిగారు, ఎవరన్నా సాక్ష్యం చెప్తారా అని. నేను లేచా. ఇది చెప్పాలనే లేచా. ఊరంతా చూస్తున్నారు. నాలుగు గంటలు నిలబడ్డ మనిషి అక్కడ పెట్టెలో పడుకొనుంది. నేను ఒక్క మాట కూడా మొదలుపెట్టకుండానే ఆమెన్ అని కూర్చున్నా.

ఆ ఫ్యాను కొంచెం తగ్గించు.