సంతకానికి ముందు

ఆసుపత్రి నుంచి వచ్చిన ఉద్యోగపు ఉత్తరాన్ని కూతురు బల్లమీద పెట్టింది. భార్య పోయినప్పటినుంచి తండ్రి ఆ ఆసుపత్రి ఉన్న వీధి మొహం చూడలేదు. ఉత్తరాన్నీ ముట్టుకోలేదు.

“సమాజశాస్త్రం చదివినదానికి ఆసుపత్రిలో ఏం పనే? సూదులేస్తావా?”

“రోగుల ఇంటివాళ్ళతో మాట్లాడే పని నాన్నా.”

“కబుర్లకు జీతమా! బడిలో పాఠాలు చెప్పుకో. సర్వేల్లో చేరు. ఆ గుమ్మం మాత్రం తొక్కడానికి వీల్లేదు. మీ అమ్మను పొట్టన పెట్టుకున్నారు వాళ్ళు.”

“కాలేజీ ప్రాజెక్టు కోసం అక్కడి పాత కాగితాలు చూశాను. అమ్మవీ చూశాను.”

“ఏముంది వాటిలో?”

“ఆపరేషన్ వద్దని మనమే రాసిచ్చినట్టు ఉంది. కింద నీ సంతకం.”

“అబద్ధం! ఆపరేషన్‌కి ఒప్పుకోలు కాగితమన్నాడు గుమాస్తా. తొందరపెట్టాడు. నాకు ఇంగ్లీషు ముక్క ఎక్కడ వచ్చు?”

“తెలుసు నాన్నా. నీకెవరూ చదివి వినిపించలేదు. సంతకానికి ముందు చదివి వినిపించడమే ఇప్పుడు నా ఉద్యోగం.”

ఆయన బల్లమీది ఉత్తరాన్ని చేతిలోకి తీసుకున్నాడు.

“ఆ గుమాస్తా ఇంకా ఉన్నాడా?”

“ఉన్నాడు. చేరితే నాది అతని పక్క కుర్చీయే.”

“అయితే చేరు. వాడిచ్చే ఒక్క కాగితం కూడా నువ్వు చదవకుండా ఎవరి చేతికీ పోకూడదు.”