ఆ పేరు గలోళ్ళు ఈ ఊళ్ళో లేరు

"తాతా, ఇట్ట చూడు. ఫిజీ దేశం నుంచి ఒకామె మన జిల్లా వాళ్ళ గ్రూపులో పాత కాగితం ఫోటో పెట్టింది. దాంట్లో మన ఊరి పేరుండాది. పెంచలయ్య, భార్య కోటమ్మ అని రాసుండాది. వీళ్ళెవురో నీకు తెలుసా?"

ఏదీ? ఉండు పాపా, కళ్ళజోడు ఈడనే పెట్టినా... వద్దులే. కళ్ళజోడెందుకు, ఆ కాగితం నేను చూసిందే. ఈ చేతుల్తో పట్టుకోని చూసినాను, ఇదే అరుగు మింద కూచోని. అచ్చక్షరాలు కొన్ని, చేతిరాత కొంత, కింద ఒక మూల సీలు. అదే గదా? ఆఁ, అదే.

ఇంకేం రాసింది ఆ పిల్ల? చదువు.

వాళ్ళ నాయన పోయినాడనా? ఎప్పుడంట? పోయిన ఏడా... అయ్యో. ఊఁ, చదువు, చదువు. ఆయన మన దేశానికొచ్చి ఊరు వెతుక్కోని పోయి అడిగితే అట్టాంటోళ్ళు ఎవురూ లేరన్నారనా. అయినా ఆయన చచ్చేదాకా ఆ మాట నమ్మలేదనా. తెలిసినోళ్ళుంటే చెప్పండని.

లేరని చెప్పింది ఎవురనుకుంటా ఉండావు? నేనే.

అట్ట చూడబాక. ఆ రికార్డు నొక్కు. నువ్వు రాసినావంటే నాలుగు మంచిమాటలు కలిపి రాస్తావు, మా తాతకు మతిమరుపు అనో, చెవుడు అనో. నాకు ఏ మతిమరుపూ లేదు. ఉండుంటే బాగుండేది. నొక్కినావా? ఎర్రగా వెలగతా ఉండాదా? సరే.

పెంచలయ్య అంటే మా తాత నరసయ్యకు తోడబుట్టిన అన్న. నేను చూళ్ళేదు ఆయన్ని. మా నాయనే చూళ్ళేదు, నేనెట్ట చూస్తాను. తెల్లోళ్ళ కాలంలో, వరసగా వానలు ఎగ్గొట్టిన కరువులో, ఉదయగిరి సంతకు ఎవురో మనుషుల్ని కుదిర్చేవాడు వచ్చినాడంట. సముద్రం మింద పోయి చెరుకు తోటల్లో ఐదేండ్లు పని చేస్తే, తిరిగొచ్చి సొంతంగా బావి తొవ్వుకోవచ్చన్నాడంట. మన మెట్టకు బావంటే మాటలా? ఇప్పుడంటే బోరు. అప్పట్లో ఈ వరికుంటపాడు పక్కన బావి ఉండేవాడికి పిల్లనిచ్చేదానికి క్యూ కట్టేవాళ్ళు. నీకు నవ్వొస్తాది గానీ నిజం. అట్ట పోయినాడు ఆయన. మా తాతకు గూడా చెప్పలేదు, పెళ్ళానికి మాత్రం చెప్పినాడు. ఆ పెళ్ళామే కోటమ్మ. అప్పటికి పద్నాలుగో పదిహేనో ఆమెకు. మేము పెద్దవ్వ అనేవాళ్ళం.

నన్ను పెంచింది ఆమె. మా అమ్మ పొద్దన లేస్తే చేలోకి పోయేది గదా, నాకు నీళ్ళు పోసింది, సంకటి ముద్ద కలిపి పెట్టింది, జొరమొస్తే తడిగుడ్డ వేసింది అంతా పెద్దవ్వే. బో కోపిష్ఠి మనిషి. తిడితే ఊరు చివర దాకా వినపడేది. కానీ పెంచలయ్య మాటొచ్చిందంటే గొంతు తగ్గేది.

ఐదేండ్లయింది, ఆయన రాలేదు. మామూలుగా అయితే కనపడకుండా పోయినోడి కోసం పన్నెండేండ్లు చూడాల. చూసి, అప్పుడు గూడా రాకపోతే దర్భలతో మనిషి మాదిరి బొమ్మ చేసి, దానికి కర్మ చేసి, చచ్చినాడని తీర్మానం చేసుకోవాల. మా తాత పన్నెండు చూళ్ళేదు. ఏడో ఏడే చేసేసినాడు. ఎందుకంటావా? పొలం అన్న పేరున ఉండాది. రాగిమాను చేను... కాదు కాదు, అది తర్వాత కొన్నది. ఆ ఉత్తరం పక్క చేను, ఇప్పుడు మన బత్తాయి చెట్లుండాయే, అది. అన్న చచ్చినాడు, బిడ్డల్లేరు అని రాయించుకుంటే తన పేరున పట్టా అవతాది. అంతే. దానికి పెద్దవ్వ చేతి గాజులు పగలగొట్టినారు. ఆయన చావలేదు, వస్తానన్నాడు అని ఈమె ఏడస్తా ఉంటే, పట్టుకోని పగలగొట్టినారంట. ఇరవై ఒకటో ఇరవై రెండో అప్పుడు. ఆయన ఆడ బతికే ఉండాడు చూడు, చెరుకు కొడతా ఉండాడు. ఈడ ఆయన పెళ్ళాం ముండమోసింది. జాబులు ఏమన్నా రాసినాడో ఏమో, నాకు తెలవదు. వచ్చినా మా ఇంట్లో చదివేదెవురు? మా తాత చేతిలో పడుంటే ఏం చేసుంటాడో ఆయనకే తెలియాల.

ఇదంతా మా ఇంట్లో గుసగుసగా చెప్పుకునేవాళ్ళే గానీ ఎవురూ గట్టిగా అనరు. ఆ చేలో పండింది తింటా ఉండాం గదా.

సరే, ఆయన వచ్చిన సంగతికి వస్తా. పదేండ్లు దాటింటాది. నువ్వప్పుడు నెల్లూరులో హాస్టల్లో ఉండావు. ఒకరోజు పొద్దన్నే సీనయ్య ఫోను చేసినాడు. మా చెల్లెలి కొడుకు, ఆత్మకూరులో ఆఫీసుల ముందర కూచోని అర్జీలు రాస్తాడే, వాడు. "మామా, నీకొకటి చెప్పాల, గాబరా పడబాక" అన్నాడు. ఆ మాటంటేనే సగం ప్రాణం పోతాది గదా. "ఎవురో ఫారిన్ ఆయన కార్లో వచ్చినాడు, మీ ఊరి డైక్లాట్ కావాలంటా ఉండాడు. పెంచలయ్య పేరు మింద" అన్నాడు.

డైక్లాట్ అంటే నీకు తెలవదేమో. తెల్లోళ్ళ కాలంలో ఏ చేను ఎవురిదో రాసిన రిజిస్టరు. దాన్ని ఎవురడగతారు? కోర్టుకు పొయ్యేవాడు అడగతాడు. భాగం కావాలనేవాడు అడగతాడు. మన పక్క ఒకడు డైక్లాట్ నకలు తీసినాడంటే పక్క చేనోడికి అన్నం దిగదు. ఊరికే, ముత్తాత పేరు చూసుకుందామని తీసేవాడు ఒకడుంటాడని మాకు తోస్తాదా? నాకు తోచలేదు. మూడు బోర్లు వేస్తే రెండు ఎండిపోయి, ఒకదాంట్లో నీళ్ళు పడినాయి. బత్తాయి చెట్లు అప్పుడప్పుడే కాపుకు వస్తా ఉండాయి. మా తాత చేసిన పని బయటపడింది, దానికి మనిషొచ్చినాడు అనుకున్నా.

మధ్యాన్నానికి కారు వచ్చేసింది. డ్రైవరు మస్తాను, ఉదయగిరి పిల్లోడు. వాళ్ళ ఇంట్లో ఆడోళ్ళు చెక్క గరిటెలు చెక్కతారు, నువ్వు చూసే ఉంటావు. ఆయనకూ మస్తానుకూ మాట బాగా కలిసింది. ఫిజీలో వాళ్ళందరూ ఒకరకం హిందీ మాట్లాడతారంట, వీడు ఉర్దూలో చెప్తే ఆయనకు తెలస్తా ఉండాది. తెలుగు నాలుగు మాటలొచ్చు. దిగతానే నాకు దణ్ణం పెట్టినాడు. నాకంటే ఆరేడేండ్లు చిన్నోడు, నెత్తి నెరిసింది. నుదురు చూసినా. మా నాయన నుదురే అది. అచ్చం అదే. పాపా, అప్పుడే తెలిసిపోయింది నాకు.

కాగితం ఇచ్చినాడు. మస్తాను చదివి చెప్పినాడు. పేరు పెంచలయ్య, తండ్రి పేరు, తాలూకా ఉదయగిరి, మన ఊరు. ఓడ ఎక్కించేటప్పుడు గుర్తు కోసం ఒంటి మింద మచ్చలు గూడా రాసుకుంటారంట. ఎడం చెయ్యి మింద కాలిన మచ్చ అని ఉండాది. ఆ మచ్చ సంగతి నాకు తెలుసు. పెద్దవ్వ కొత్తగా కాపురానికొచ్చినప్పుడు సంకటి గెలకతా ఉంటే కుండ ఒరిగి ఆయన చేతి మింద పడిందంట. "నేను కాల్చినా, ఒక్క మాట అనలేదురా నన్ను" అని నాకు ఎన్నిసార్లు చెప్పిందో. ఆ మచ్చ ఓడ కాగితానికి ఎక్కింది. ఇంకా ఉండాది విను. దగ్గరి మనిషి పేరు రాయమంటే తండ్రి పేరు రాయలేదు, తమ్ముడి పేరు రాయలేదు. భార్య కోటమ్మ అని రాయించినాడు.

అంతా విన్నాను. విని, "ఆ పేరు గలోళ్ళు ఈ ఊళ్ళో లేరు" అన్నాను.

మస్తాను మళ్ళీ అడిగినాడు, "పెద్దాయనా, బాగా గుర్తు చేసుకో" అని. "నాకు నూరేండ్ల నాటి సంగతులు తెలుసు, మా నాయన చెప్పినాడు, తాత చెప్పినాడు, అట్టాంటోళ్ళు లేనే లేరు. వేరే ఊరేమో చూసుకో" అన్నా. గట్టిగానే అన్నా. ఆయన నా మొగం దిక్కే చూస్తా ఉండాడు. నీళ్ళు అడిగినాడు. మీ అవ్వ చెంబుతో తెచ్చి అరుగు మింద పెట్టింది. ఎండలో అంత దూరం వచ్చిన మనిషిని తిన్నావా అని గూడా అడగలేదు నేను. పెద్దవ్వ బతికున్నన్నాళ్ళూ చెప్పేది, పెంచలయ్య తరపున ఎవురన్నా వస్తే ముందు అన్నం పెట్టండ్రా, కడుపుకు లేకనే పోయినాడు మహానుభావుడు అని. అది గుర్తొచ్చింది గూడా. గుర్తొచ్చి గూడా అడగలేదు.

కారు పోయినాక మీ అవ్వ వాకిట్లో నిలబడి, "ఆయన పెద్దవ్వ మనిషే గదా?" అనింది. "నోరుమూసుకో, చేను పోతాది" అన్నా. రెండు దినాలు మాట్లాడలేదు నాతో. అన్నం పెట్టింది, మాట్లాడలేదు.

దావా వస్తాదని ఎదురుచూసినా. నోటీసు వస్తాదని పోస్టు అబ్బాయి సైకిలు చూస్తేనే ఇంట్లోకి పోయేవాణ్ణి. ఏదీ రాలేదు. మూడేండ్లో నాలుగేండ్లో అయినాక కలిగిరి బస్టాండు కాడ టీ తాగతా ఉంటే మస్తాను కనపడినాడు. నన్ను చూసి, "పెద్దాయనా, ఆరోజు మీరు అబద్ధం చెప్పినారని నాకు అనుమానం" అన్నాడు మొగం మిందనే. ముసలోణ్ణి పట్టుకోని అంత మాటంటే ఇంకోడైతే కొట్టేవాణ్ణి. టీ గ్లాసు కింద పెట్టేసినా.

వాడు చెప్పినాడు అప్పుడు. ఆయన చేను కోసం రాలేదంట. వాళ్ళ తాత, అంటే పెంచలయ్య, పొయ్యే ముందర ఇంట్లో వాళ్ళను పిలిచి, నేను ఊళ్ళో ఒక ఆడమనిషికి మాటిచ్చి తప్పినాను, ఆమె ఏమయిందో కనుక్కోండి అన్నాడంట. ఆడ ఇంకో సంసారం అయింది, బిడ్డలయినారు, రాలేకపోయినాడు. వాళ్ళు ప్రతి ఏడూ పెద్దల అమావాస్యకు కోటమ్మ పేరున ఒక విస్తరి వేస్తారంట పాపా. ఆమెను చూసినోళ్ళు ఒక్కరు లేరు ఆ ఇంట్లో. ఆమె పోయిన రోజేదో తెలిస్తే ఆరోజే పెట్టుకుందామని, ఆ ఒక్క తేదీ కోసం వచ్చినాడు. ముందు చావుల రిజిస్టరే అడిగినాడంట. ఇంటోళ్ళెవురో తెలవకుండా ఎట్ట వెతికేది, డైక్లాట్‌లో వాళ్ళ పేరుంటే చూసుకోమని అక్కడెవురో సలహా ఇచ్చినారంట. కారులో ఆత్మకూరు దాకా ఏడస్తానే ఉండాడంట ఆయన. మస్తాను కాడ ఆయన నంబరు లేదు. పాత ఫోను పోయింది అన్నాడు.

అప్పుడు నేను ఆఫీసులు పట్టినా. నమ్మతావా? మీ నాయనకు బత్తాయి మందులని చెప్పి సీనయ్యను ఎంటబెట్టుకోని తిరిగినా. కనీసం ఆ తేదీ అన్నా సంపాదించి పెట్టుకుందాం, ఎప్పుడన్నా వాళ్ళ జాడ తెలిస్తే చెప్పొచ్చని. చావుల రిజిస్టరు దొరికింది. బాగానే ఉండాది, పేజీలు గూడా చిరగలేదు. మన ఊరిది, పెద్దవ్వ పోయిన ఏడు, అంతా వరసగా ఉండాది. సీనయ్య వేలు పెట్టి చదవతా పోయినాడు. చాకలి ఎంకమ్మ ఉండాది, నెలల బిడ్డ ఒకటి ఉండాది, పాము కరిచి పోయిన దూదేకుల ఆయన ఉండాడు. కోటమ్మ లేదు. ముందు ఏడు చూసినాడు, వెనక ఏడు చూసినాడు. లేదు.

ఎందుకు లేదో నాకు తెలుసు. తెలిసే వాణ్ణి వెతకనిచ్చినా.

అప్పట్లో మనిషి పోతే మునసబు ఇంటికి పోయి చెప్పాల, ఆయన రాసుకుంటాడు. పెద్దవ్వ పోయిన రోజు, మట్టి చేసి వచ్చినాక, మా నాయన నన్ను పిలిచి "పోయి మునసబుకు చెప్పిరా" అన్నాడు. పదహారేండ్లు నాకు. రేపు పోతాలే అనుకున్నా. కందులు నూర్చే రోజులు, కళ్ళంలో పనుండాది. మళ్ళీ రేపు అనుకున్నా. మా నాయన మళ్ళీ అడగలేదు, నేను పోలేదు. బిడ్డలు లేని ముసలామె, ఎవురికి పట్టింది? బతికున్నోణ్ణి చచ్చినాడని రాయించిన ఇల్లు ఇది. చచ్చినామెను రాయించలేదు.

తద్దినమన్నా పెట్టినామా అంటే అదీ లేదు. ఒక రెండేండ్లేమో మా అమ్మ పెట్టింది. నన్ను ఎత్తుకోని పెంచిన మనిషి పోయిన తిథి నాకు తెలవదు పాపా. కందులు నూర్చేటప్పుడు అని తెలుసు. ఆరోజు ఈదర గాలి బాగా కొట్టింది, పొట్టు అంతా కళ్ళల్లో పడతా ఉండాది. అంతే.

ఇప్పుడు ఆయన గూడా పోయినాడంటా ఉండావు. నా మాటే తీసుకోని పోయినాడు.

ఏడవలేదులే, కంట్లో నీళ్ళు ఊరికే కారతా ఉంటాయి ఈమధ్య. నువ్వేమీ అనుకోబాక. మీ నాయన ఏమన్నా అంటే నామింద చెప్పు. చేను గురించి అడిగితే అడగనీ, భాగమిమ్మంటే ఇద్దాం, నా చేతుల మిందగా ఇద్దాం. వాళ్ళు అడగరు, నాకు తెలుసు. అయినా చెప్తా ఉండా. నువ్వు సల్లగా ఉండాల తల్లీ, నాకు ఇది చెప్పుకునే దారి చూపించినావు. నీ బిడ్డలు ఎవురి ముందరా తల దించుకోకుండా బతకాల.

ఆ ఫోను ఇట్ట దగ్గిరికి పెట్టు. ఆ పిల్ల పేరేంది? మాలతీనా? తెలుగు తెలియకపోతే నువ్వు ఇంగ్లీషులో చెప్పు, కానీ అబద్ధం అనే మాట మార్చబాక.

అమ్మా మాలతీ. మీ నాయనకు అబద్ధం చెప్పి పంపినోణ్ణి నేనే. మీ కోటమ్మ పోయిన తేదీ నాకు తెలవదు, అది గూడా నా తప్పే. ఆమె గురించి ఇంకేమడిగినా చెప్తాను, అన్నీ చెప్తాను, ఆమె చేతి ముద్దలు తిని పెరిగినోణ్ణి. మీ నాయన నాకు తమ్ముడు. నేను నీకు పెదనాయన్నమ్మా. ఉండాం. మేము ఈడనే ఉండాం.