యలమంద ఇంటి మడి

ఏందీ, పుచ్చుందని వంకాయ మొత్తం పారేస్తన్నావా? ఆగు భవ్యా. ఆ పుచ్చు మేరకి కోసేసి మిగతాది గిన్నెలో వెయ్యి. చాదస్తం అనుకున్నా ఫర్వాలేదు. పుచ్చు వంకాయని చూస్తే నాకు యలమందే గుర్తొస్తాడమ్మా. నీకు తెలీదులే, నువ్వు పుట్టకముందే పోయాడు. మన చేను పక్కనే వాడి చేను. ఇద్దరికీ కలిపి ఒకటే బోరు. గుంటూరు రైతుబజార్లోనూ పక్కపక్కనే కూర్చునేవాళ్ళం. తెల్లారేసరికి ఒకే ఆటోలో గంపలేసుకుని పోయేవాళ్ళం. నేనేమో గొంతు చించుకుని అరిచి అమ్మేవాణ్ణి, వాడు నోరు మెదిపేవాడు కాదు. అడిగితేనే మాట. అయినా వాడి గంపే ముందు ఖాళీ అయ్యేది. వాడి మొహంలో అట్టాంటిదేదో ఉండేదిలే.

ఇప్పుడు చెప్తే నీకు ఎట్టా అనిపిస్తదో గానీ, వంగతోటకి వారానికి రెండుసార్లు మందు కొట్టేవాళ్ళం. కాయ నిగనిగలాడకపోతే పట్నంవాళ్ళు ముట్టుకోరు కదా. మరి ఇంట్లోకి? ఇంట్లోకి వేరే. యలమంద బోరు పక్కన చిన్న మడి వేసుకున్నాడు. నాలుగు వంగ మొక్కలు, నాలుగు బెండ, కాస్త గోంగూర. పేడెరువు తప్ప ఇంకేమీ వేసేవాడు కాదు. వాడొక్కడే అని కాదు... ఆ, ఊళ్ళో చాలామందికి ఉండేదిలే అట్టాంటిది.

నజీరా అని ఒకమ్మాయి, మిషన్ కుట్టుకునే పిల్ల, ప్రతి శుక్రవారం వాడి దగ్గరే కొనేది. ఓసారి మేము క్యారేజీలు విప్పుకుని తింటుంటే వచ్చింది. యలమంద భార్య జయకుమారి గుత్తొంకాయ పంపింది ఆ రోజు. "ఓ ముద్ద తినమ్మా" అన్నాడు వీడు, మర్యాదకి. తిన్నది. కళ్ళు పెద్దవి చేసి, "బాబాయ్, నేనూ మీ కాయలే కదా వండేది, నాకెందుకు ఇట్టా రాదు? మా అత్తకి జబ్బు చేసి నోటికి ఏదీ సహించట్లేదు. పిన్నిని అడిగి ఎట్టా వండాలో చెప్పండి" అన్నది. మర్నాడు ఆ పిల్ల మళ్ళీ వస్తే చెప్పాడు. నువ్వులెన్ని, కొబ్బరెంత, మంట ఎంత, అన్నీ. పై శుక్రవారం మళ్ళీ వచ్చింది. "అట్టాగే చేశా బాబాయ్, రాలేదు. నా చెయ్యే మంచిది కాదేమో." ఆ మాటకి వీడు చేతిలో తక్కెడ కింద పెట్టేశాడు. తర్వాత, అంతమంది వింటుండగా, "నీ చేతిలో ఏం లేదమ్మా. మేం తినేది వేరే మడి. నీకు అమ్మేది వేరే మడి. దాంట్లో మందు కొడతాం" అనేశాడు.

ఆ పిల్ల అరవలేదు, తిట్టలేదు. "జబ్బు మనిషికి పెట్టాను కదా బాబాయ్" అన్నది, అంతే. చుట్టూ ఉన్నవాళ్ళు మాత్రం ఊరుకుంటారా? ఏరుకున్న కాయలు గంపలోకే విసిరేశారు. తిరిగొచ్చేటప్పుడు ఆటోలో నేనే ఎక్కువ తిట్టా వాణ్ణి. "ఏరా, నీతో పాటు మా అందరి నోట్లో మట్టి కొడతావా? ఎవడడిగాడ్రా నిన్ను?" అని. వాడు బయటికి చూస్తా కూర్చున్నాడు. నెల్లాళ్ళు బజారుకి రాలా. తర్వాత వచ్చాడు, సగం గంపతో, ఆ ఇంటి మడి కాయలతో. వంకర కాయలు, పుచ్చు కాయలు. జనం చూసి నవ్విపోయేవాళ్ళు. చేనులో ఆ మడిని పెద్దది చేశాడు గానీ, మిగతా చేలో వేసే మిరప మాత్రం మందు లేకుండా పండించలేకపోయాడు. ఆ దిగులు వాడికి పోలేదు.

నజీరానా? నజీరా మళ్ళీ వాడి వైపు రాలేదమ్మా.

ఎవరి దగ్గర కొన్నదంటే... ఆ రోజే, వాడు చెప్పేసిన మరుక్షణమే నా వైపు తిరిగింది. "ఆదెయ్య బాబాయ్, మీరో?" అన్నది. "మాదంతా ఒకటే మడి తల్లీ, మేం తినేదే అమ్ముతాం" అన్నా. ఎట్టా వచ్చిందో ఆ మాట, అనుకోకుండానే వచ్చేసింది. యలమంద విన్నాడా అంటే, వినకేం? మూడడుగుల దూరం. మా ఇంటి మడీ వాడి మడి పక్కనే, ఒకటే కాలవ నీళ్ళు రెంటికీ. తలెత్తి నా వంక చూశాడు.

ఆరేళ్ళు కొన్నదమ్మా నా దగ్గర. నమ్మకం అని పక్కింటివాళ్ళని కూడా వెంటబెట్టుకొచ్చేది. యలమంద పక్కనే కూర్చుని ఉండేవాడు, పోయిందాకా ఒక్కరికీ చెప్పలేదు. "ఇంకా పిన్ని కూరలా రావట్లేదు బాబాయ్, నా చేతి వంటే ఇంత" అని నవ్వేది నాతో. నేనూ నవ్వేవాణ్ణి.

...

ఎండ దిగింది. డాబా మీద మిరపకాయలు కుప్ప చేసి పట్టా కప్పు పో. మంచు పడితే మెత్తబడతయ్యి.