అడుగున ఆగిన రోబో

ఆత్మకూరులో ఒక ఇంటి స్విమ్మింగ్ పూల్ గట్టున అత్తా, కొత్తకోడలు నిలబడి ఉన్నారు. వైర్లెస్ రోబో పూల్ అంతా శుభ్రం చేసి, చార్జింగ్ అయిపోయి అడుగున ఆగిపోయింది.

“చుడీదార్ ఏసుకోని యాడికి దిగతావుండావు?”

“రోబోను పైకి తేవాల గదా అత్తా.”

“కొక్కెం కర్ర ఉండాది గదా!”

“ఉండాది. నాకు ఈత కూడా వచ్చు.”

“మనింట్లో ఆడోళ్లు పూల్లో దిగరు. మీ మామ ఒప్పుకోడు.”

“మరి ఇన్నాళ్లూ దీన్ని కడిగిందెవరు?”

“నేనే. నీళ్లు తోడేసినాక చీపురు తీసుకోని దిగేదాన్ని.”

“నీళ్లు పెట్టినాక?”

“మగోళ్లు దిగేవోళ్లు.”

“బాగుండాది! ఇప్పుడు కడిగేదానికి మిషన్ వచ్చింది. ఇంక మనకు మిగిలింది ఈత కొట్టేదే.”

“మెల్లిగా మాట్లాడు. ఎదురు మేడ మీద పెంచలమ్మ చూస్తావుండాది.”

“నేను చెయ్యి ఊపినా. ఆమె కూడా ఊపింది.”

“నీకు భయమే లేదా?”

“లేదత్తా. మామయ్య అడిగితే, అత్త వద్దన్నా నేనే వినలేదని చెప్తా.”

“ఉండు. అట్లా చెప్పొద్దు.”

“మరేం చెప్పాల?”

“అత్తే దిగమనిందని చెప్పు. ఏం చేస్తాడో నేనూ చూస్తా.”