తలనొప్పికి తేదీలు రాయించిన సిస్టర్ గారు

1989 జులై మూడవ తేదీ, సోమవారం ఉదయం, మన విద్యుత్ మీటర్ల కర్మాగారపు ప్రథమ చికిత్స గదిలో నర్సుగా బాధ్యతలు స్వీకరించిన సిస్టర్ గారు, ముప్పై అయిదేళ్ళ నిరంతర సేవానంతరం ఈ నెలాఖరున పదవీ విరమణ చేస్తున్నారు. వారిని గురించి రాయమని ఈ వీడ్కోలు సంచిక సంపాదకవర్గం కోరినప్పుడు, నాకు ఆ అర్హత ఉన్నదా అని కొంత తటపటాయించాను. కారణం చదివేకొద్దీ మీకే బోధపడుతుంది.

వారు వచ్చేనాటికి ఆ గదిలో ఒక ఇనుప మంచం, ఒక బల్ల, తలుపు సరిగా పడని అలమర మాత్రమే ఉండేవి. తొలి పదేళ్ళలో కాలిన వేళ్ళకూ మండే కళ్ళకూ చికిత్స చేస్తూనే, గదికి కుళాయినీ మంచానికి తెరనూ సాధించారు. వినయం వారి స్వభావం. అడిగినది ఇచ్చేదాకా కుర్చీలోంచి లేవకపోవడం కూడా వారి స్వభావమే.

2001లో నేను కూర్పు విభాగానికి సూపర్‌వైజరును. విభాగంలో రెండు వందల పన్నెండు మంది స్త్రీలు. వారిలో మీటర్లను సరిచూసే ఒకామె పనితనంలో అందరికంటే మిన్న. అయితే ప్రతి నెలా తలనొప్పి అంటూ రెండు రోజులు రాదు. ‘తలనొప్పి సాకుతో గైర్హాజరు’ అని ఆమెకు రెండవ మెమో ఇచ్చాను. మూడవది అందితే ఉద్యోగం పోతుంది. ఆ మధ్యాహ్నమే సిస్టర్ గారు తమ రిజిస్టరుతో నా గదికి విచ్చేశారు.

“నెలనెలా ఠంచనుగా వచ్చే తలనొప్పేంటండీ? క్యాలెండర్ చూసుకుని వస్తుందా?” అన్నాను.

“అవునండీ, క్యాలెండర్ చూసుకునే వస్తుంది. అది చెప్దామనే వచ్చాను,” అన్నారు.

ఆమెకు తలనొప్పి వచ్చిన పద్నాలుగు నెలల తేదీలు చూపించారు. బహిష్టుకు రెండు రోజుల ముందో, మొదలైన మూడు రోజుల లోపో, తలలో ఒక పక్క పోటు, వాంతులు, వెలుతురు చూడలేని స్థితి. ఇది బహిష్టుతో ముడిపడిన మైగ్రేన్ అనీ, చాలామంది స్త్రీలకు ఉంటుందనీ వివరించారు. నేను ఇంకా నమ్మలేదని గ్రహించి, “ఇంట్లో మీ ఆవిడకి తలనొప్పొస్తే ఏం చేస్తారు?” అని అడిగారు.

“కిటికీ తెరలు వేసేస్తాను. పిల్లల్ని గోల చెయ్యొద్దంటాను. ఆ రెండ్రోజులూ వంట నాదే.”

“ఎన్నాళ్ళకోసారి?”

లెక్క వేసి చూశాను. నెలకోసారి. పదకొండేళ్ళ కాపురంలో ఆ సంగతి నాకు తట్టనే లేదు.

“ఇంట్లో అయితే తెరలు వేస్తారు. ఇక్కడేమో మెమోలు ఇస్తారు,” అని రిజిస్టరు మూసేశారు.

మేనేజరు గారు మాత్రం ఒక్కరి కోసం నియమాలు మార్చడం కుదరదన్నారు. సిస్టర్ గారు మూడు నెలల గడువు అడిగి, ఇష్టపడిన ప్రతి స్త్రీకీ ఒక చిన్న కార్డు ఇచ్చి, తలనొప్పి వచ్చిన రోజునూ బహిష్టు రోజునూ గుర్తు పెట్టమన్నారు. “ఇదీ ఒక జబ్బేనా సిస్టర్ గారూ? మా అమ్మకీ ఉండేది. ఆడపుటకన్నాక మామూలే అనుకున్నా,” అన్నదట ప్యాకింగ్ విభాగపు పెద్దావిడ. ఆ కార్డుల ప్రకారం యాభై ఏడుగురికి మైగ్రేన్ తరహా తలనొప్పి ఉన్నది. వారిలో ముప్పై ముగ్గురికి అది బహిష్టు రోజులనే అంటిపెట్టుకుని వస్తున్నది.

“ముప్పై ముగ్గురా!” అన్నారు మేనేజరు గారు.

“చెప్పినవాళ్ళు ముప్పై ముగ్గురండీ. చెప్పనివాళ్ళ సంగతి నాకు తెలీదు.”

మెమోలు రెండూ రద్దయ్యాయి. ఆ రద్దు కాగితాన్ని నేనే స్వయంగా ఆమెకు తీసుకువెళ్ళి ఇచ్చి, పొరపాటైంది క్షమించమన్నాను. “మెమో కాగితం మీదిచ్చి, క్షమాపణ నోటితోనా సార్?” అన్నదామె. రాసి సంతకం చేసి ఇచ్చాను.

అనంతరం ప్రథమ చికిత్స గది పక్కన ఒక చీకటి గది ఏర్పడింది. పని బల్లల మీద మిణుకుమనే ట్యూబులైట్లు మారాయి. నరాల వైద్యులు నెలకొకసారి రాసాగారు. వారి సలహాతో కొందరు ఆ తేదీలకు ముందునుంచే మందు వేసుకుని తెరిపిన పడ్డారు. అందరికీ తగ్గిందని చెప్పను. మెమోలు అందుకున్న ఆ కార్మికురాలికి కూడా పూర్తిగా పోలేదు. కానీ నెలలో రెండు రోజులు పోయేది ఒక పూటకు దిగింది. నేడు మీటర్లను సరిచూసే పరీక్షా విభాగానికి అధిపతి ఆమే.

సిస్టర్ గారు ఆ తరువాత నలుగురు యువ నర్సులకు శిక్షణనిచ్చి, తమ బాధ్యతలు నిశ్చింతగా అప్పగించారు. వచ్చే నెలనుంచి ఈత నేర్చుకుంటారట. “ఈ వయసులోనా వదినా?” అని వారి ఆడపడుచు ఆశ్చర్యపోతే, “మునిగితే అప్పుడు చెప్తాలే,” అన్నారట. వారి శ్రీవారు, కుమార్తె గట్టు మీద నిలబడి చూస్తుండగా, సిస్టర్ గారు నిండు ఆరోగ్యంతో, తమకంటూ మిగిలిన తీరిక వేళలతో, నూరేళ్ళూ హాయిగా ఈదుతూ ఉండాలని మనందరి పక్షాన మనసారా ఆకాంక్షిస్తున్నాను.